చిల్లు గిన్నె

ఎడారిలో మనుషులు ఎట్లా బతుకుతారో
ఇరవై రెండు నెలలుగా చదువుతున్నాను,
రాజేంద్రనగర్‌లో, ఏసీ గదిలో, స్వెటర్ వేసుకుని.

నా దగ్గర పదకొండు ఎడారుల ఇసుక ఉంది
గాజు సీసాల్లో, మూతల మీద చీటీలతో.
తలసరి నీటికి ఒక గడి
ఆవిరైపోయే నీటికి ఒక గడి
తగాదాలకు మాత్రం గడి లేదు.
అడిగితే, అది మన సబ్జెక్టు కాదన్నారు.

బార్కస్‌కి పొమ్మన్నది ల్యాబ్ అటెండరు ఖైరున్నిసా.
"సీసాలల్ల ఏం దొరుకుతది మేడం,
మా గల్లీకి రాండ్రి, ఎడారోళ్లే ఉన్నరు. చాయ్ గూడ పోస్తరు."

జామపళ్ల బండ్లు దాటి, హరీస్ డేగిశాల ఆవిరి దాటి
గళ్ల లుంగీలో అవద్ బిన్ సాలెహ్,
ఎనభై మూడేళ్లు, ఒక కంట్లో పువ్వు.
తాత హజ్రమౌత్‌లో పడవెక్కి
నిజాం ఫౌజులో తుపాకీ పట్టడానికి వచ్చాడట.
తుపాకీ ఏమైందో ఎవరికీ తెలీదు.
గిన్నె మిగిలింది.

రాగి గిన్నె. అడుగున చిల్లు,
ఆవగింజ దూరేంత.
కోడలు అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటోంది.

క్లిప్పులు ఒంపేసి, బకెట్టు నీళ్ల మీద వదిలాడు.
గిన్నె తేలింది. లోపల సన్నటి ఊట లేచింది.
ముగ్గురం మాట్లాడలేదు.
చాలాసేపటికి, నిండి, ఒక పక్కకు ఒరిగి
గుడుక్కున మునిగింది.

"ఒక్క మునక ఒక్క ఇంటి వంతు.
వాగొచ్చిన దినం షేకు చేనైనా, మొగుడు లేనామె చేనైనా
ఇదే గిన్నె. మునిగిందా, కాలువ మళ్లాలె."

ఎన్ని లీటర్లు, అన్నాను పెన్ను తీసి.
నవ్వాడు.
"లీటర్లు ఎవరు చూసిన్రు?
ఒక ఏడు వాగొస్తది, మూడేండ్లు రాదు.
నీళ్లు కొలిస్తే తగాదా, బేటీ. వక్తు కొలిచిన్రు."

అప్పుడు తట్టింది నాకు, గడియ అనే మాట.
మా నాయనమ్మ "ఒక్క గడియ ఆగు" అనేది
పొయ్యి మీద చేయి తీయకుండా.
నీళ్లలో మునిగే గిన్నె ఆమెకూ తెలీదు.
గోడ మీది గడియారం పేరులో
ఒక గిన్నె నిండుతూనే ఉంది ఇన్నాళ్లూ.
పదకొండు ఎడారులు వెతికినదాన్ని,
నా నోట్లోనే ఉంది.

"చిల్లు ఎవరు పొడిచారు?"
ఇది నా ప్రశ్నావళిలో లేదు.
"ఎవడో కంసాలి. గని ఊరందర్ని నిలవెట్టి
వాళ్ల ముందట పొడిచిండు.
మల్ల ఎవ్వరు అడగలే, పెద్దగుందా చిన్నగుందా అని."

ఇంటికొచ్చేసరికి నిజాంపేటలో
ట్యాంకర్ పైపు చుట్టూ మూడు బ్లాకుల వాళ్లు.
బోరు పన్నెండు వందల అడుగులు, దుమ్ము కక్కుతోంది.
మోటారు స్విచ్చుకు తాళం,
తాళంచెవి సెక్రటరీ గారి జందేనికి.
వాచ్‌మన్ భార్య అంజిలమ్మ బిందె వరసలో చివర.
ఎప్పుడూ చివరే.

రిపోర్టులో "పరికరం" అన్న గడిలో రాశాను:
గిన్నె, ఒకటి.
"పరిమితులు" అన్న గడిలో:
చూసేవాళ్లు కావాలి.
రెండో వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు.

ఆదివారం బేగంబజార్‌లో రాగి గిన్నె కొన్నాను,
ఆరు వందల నలభై, బేరమాడాక.
సుత్తీ మేకూ వాచ్‌మన్ దగ్గర అప్పు.
సెల్లార్‌లో నిలబడ్డాను. పది దాటింది.
వాట్సాప్ గ్రూపులో ఒక్క బొటనవేలు లేచింది,
అదీ ఊళ్లో లేనాయనది.

పొడవడం ఎంతసేపు, ఒక్క దెబ్బ.
ఒక్కదాన్నే పొడిస్తే
అది ఉత్త చిల్లు.

మెట్ల మీద చప్పుడు.
అంజిలమ్మ వస్తోంది,
బిందె లేకుండా, కొంగుకు చేతులు తుడుచుకుంటూ.