నొక్కినదానికీ కదిలినదానికీ నడుమ

ముప్పై వేల చీటీ
నాలుగు వేలు వదులుకుని పాడితే
చేతికొచ్చింది ఇరవై ఆరు.
కొర్లగుంటలో మాది గదిన్నర ఇల్లు.
గోడకు జాకెట్ కొలిచే టేపు పట్టి
నలభై మూడు అంగుళాల టీవీ పడతాదని
పెన్సిల్‌తో నాలుగు గుర్తులు పెట్టినా.
ప్రసూన ఆ గుర్తుల్లో ఒకదాని మీద
క్యాలెండర్ తగిలించి డ్యూటీకి పోయింది.

రేణిగుంట దారిలో ఫ్యాక్టరీ.
పొద్దన్నే ఆరున్నరకు బస్సు,
నీలం కోటు, తలకు టోపీ.
బెల్టు మీద వచ్చే టీవీ తెరల్లో
చచ్చిన చుక్కలు వెతకడం ఆమె పని.
ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు.
ఒక్కో తెరకు పన్నెండు సెకన్లు.
ఒక ఆదివారం నిద్రలో
నా బుగ్గ మీది పుట్టుమచ్చను
గోటితో గీకి చూసింది.

నాది బస్టాండు ఎదురు సందులో లాడ్జి.
రాత్రి పదికి ఎక్కి ఏడుకు దిగుతా.
మాకు దొరికేది సాయంత్రం మూడు గంటలు.
అందులోనే అన్నం, కుళాయి నీళ్లు, అలకలు,
ఆపైన రేసు.
ఎవరో వాడి అమ్మిన ఆటపెట్టె, రెండు కంట్రోలర్లు,
ఒకదానికి ఎడమ మీట వదులు. అది నాది.
పాత టీవీలో ఆమె కారు
ప్రతి మలుపులో గోడకు గుద్దుకుంటాది.
"నేను తిప్పినా, అదే తిరగలా" అంటాది.
ఓడినోళ్లందరూ చెప్పేదేలే అని నవ్వేవాడ్ని.

నవ్వడం మానింది లాడ్జిలోనే.
కౌంటర్ కింద చిన్న తెర, ఆరు కెమెరాలు.
గుండుకు గంధం పూసుకున్న పెద్దాయన
మెట్లెక్కి నా ముందుకొచ్చి
తాళంచెవి అడిగినాక కూడా
తెరలో ఇంకా కింది మెట్టు మీదే ఉండాడు,
చెప్పులు విడుస్తా.
నొక్కినదానికీ కదిలినదానికీ నడుమ
మనిషి చేయని తప్పొకటి దూరతాది.

శనివారం తిలక్ రోడ్డు అంగట్లో
కుర్రోడు గోడంత టీవీ పెట్టి
సముద్రం చూపించినాడు.
తాబేలొకటి మా మీదికి ఈదుకుంటా వచ్చింది.
నా నోరు తెరుచుకున్న మాట నిజమే.
మా తోడల్లుడింట్లో యాభై ఐదు అంగుళాలది.
అదీ మనసులో ఉండాది, దాచేదేముంది.
"మానిటర్ అయితే ఒక్కరికేనన్నా,
టీవీ అయితే ఇంటిల్లిపాదికీ."
ప్రసూన తాబేలును చూడలా.
తెర ఎడమ మూల, రెండు వేళ్ల ఎత్తులో
ఒక చుక్క మీద గోరు పెట్టింది.
"ఇది మా లైన్లో అయితే దాటదు" అనింది.
కుర్రోడు వంగి చూసి
సముద్రాన్ని ఆపేసినాడు.

పక్క అరలో ఇరవై నాలుగు అంగుళాల మానిటర్.
ఆమె మౌస్ పట్టి గుండ్రంగా తిప్పింది.
బాణం చేతి నీడ మాదిరి తిరిగింది.
ఇంకోసారి. ఇంకోసారి. ఏమీ మాట్లాడలా.
ఊరి తెరలన్నిటికీ కన్నయ్యే మనిషి
ఒక చిన్న తెర ముందు అట్ల నిలబడిపోతే
నేను బేరం మొదలుపెట్టినా.
దానికి శబ్దం రాదంట, స్పీకర్ వేరే కొనాలంట.
సీరియల్ ఎట్ల మరి అంటే
"నీ క్రికెట్టు ఎట్ల అను" అనింది.

ఆ సాయంత్రం స్టూలు మీద అది, చాప మీద మేము.
తెరను రెండుగా చీలిస్తే
నా వాటా అరచేతి కంటే కొంచెం ఎక్కువ.
మోకాళ్లు తగిలేంత దగ్గరికి జరగాల్సొచ్చింది.
ఆమె కారు గోడ మొహం చూడలా.
ఓడిపోయినా, మూడుసార్లు.
మీట వదులని చెప్పబోయి ఊరుకున్నా.

గోడ మీద పెన్సిల్ గుర్తులు మూడు
అట్లనే ఉండాయి.
తెల్లారి డ్యూటీ దిగి ఇంటికొస్తే
ఆమె బస్సు ఎప్పుడో రేణిగుంట చేరుంటాది.
తెర పెట్టి చూస్తే,
నేను పొయ్యాక ఒక్కతే ఆడినట్టుంది.
ఘాట్‌రోడ్డు మాదిరి మెలికలు తిరిగే దారిలో
నా రికార్డు పైన ఆమె పేరు,
సెకనులో రెండు పదోవంతుల తేడా.
కళ్లు మూతలు పడతా ఉండాయి.
ఆమె కంట్రోలర్ వైపు చెయ్యి పోయింది గానీ
నా వదులు మీటే పట్టుకుని
చాప మీద కూర్చున్నా.