పదకొండో నిమిషం

నలభై డాలర్లకి వేలంలో కొన్నాను.
మూతపడ్డ పాల డెయిరీ షెడ్డు వెనక
తుప్పు డబ్బాల కింద మూతి ఒక్కటే కనబడుతోంది.
పాటగాడు నా చెయ్యి చూసి మైకులోనే
"వెర్నా, నిజంగానా?" అన్నాడు.
అందరూ నవ్వారు.
ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు తోలినదాన్ని,
వెనకాల నవ్వులు నాకేం కొత్త?

తోట దున్నుకునే బుల్లి ట్రాక్టరు.
ఏడు గుర్రాల బలమని రేకు మీద రాసుంది,
ఏడింటిలో ఎన్ని బతికున్నాయో రాయలేదు.

ఫ్లైవీలు మీది తొడుగు విప్పితే
ఎలుక కాపురం.
విత్తనాల కేటలాగు చింపి పరుపు వేసుకుంది.
సగం టమాట, దోసకాయ తొడిమ,
"అందరికన్నా ముందు కాసేది" అన్న ముక్క.
ఆ ముక్క ఎందుకో జేబులో వేసుకున్నాను.

విస్కాన్సిన్ చలికాలం కిటికీ సగం దాకా మంచు పోసి
ఇక నీ పని చూసుకో అంటుంది.
కేకుల పళ్లెం గుంటల్లో బోల్టులు,
గుంటకొక చీటీ.
పిస్టన్ పట్టేసింది. సిలిండర్లో నూనె పోసి
తొమ్మిది రోజులు, పురిటి గదిలోకి చూసినట్టు
రోజుకోసారి తొంగిచూశాను.
పదో రోజు చెక్కముక్క పెట్టి సుత్తితో
ఒకటి. ఇంకొకటి.
వెంట్రుకవాసి కదిలింది.
గరాజులో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను.

రంగు కూడా నేనే. పసుపు, మూడు పూతలు.
చక్రాలు, సీటు కింది స్ప్రింగు,
ఆఖరికి పెట్రోలు మూత, దేన్నీ వదల్లేదు.

మే నెలలో, తాడు మూడోసారి లాగేసరికి
నల్లగా దగ్గి, తెల్లగా దగ్గి, అందుకుంది.
సరిగ్గా పదకొండు నిమిషాలు.
పోయినేడు పాతిన చిక్కుడు కర్రల దగ్గరికొచ్చి
మొరాయించింది.
అరగంట ఆగితే మళ్లీ పదకొండు నిమిషాలు.
మళ్లీ అవే కర్రలు.

ఊళ్లో తలా ఒక వైద్యం.
ఇనుప సామాన్ల కొట్టు లైల్ కాయిల్ అన్నాడు, మార్చాను.
పాస్టరుగారు వాల్వులన్నారు.
కండెన్సర్ మార్చాను, కార్బురేటర్ నానబెట్టాను,
అగ్గిపెట్టె అట్ట దూర్చి పాయింట్లు సరిచేశాను.
మా మరిది అమ్మెయ్యమన్నాడు.
అతనికి ఏ జబ్బుకైనా అదే మందు.

జూన్‌లో పక్కింటి డెల్బర్ట్ స్కోగెన్ వచ్చాడు.
కాగితం మిల్లు ముప్పై ఏళ్లలో అతని చెవులు తినేసింది.
మాట్లాడితే కేక,
వినడం మాత్రం అరచేత్తో.
ట్రాక్టరు పక్కనే నడిచాడు, ట్యాంకు మీద చెయ్యి వేసి,
నాడి చూసేవాడిలా తల వంచి.
పదో నిమిషం దాటింది. ఇంజను తడబడింది.
డెల్బర్ట్ మూత తిప్పాడు.

హుస్స్...
నాకు వినపడింది, అతనికి లేదు.
కానీ గాలి లోపలికి దూకుతూ
అతని అరచేతిని కూడా లాగింది.
ఇంజను తడబాటు మాని
ఏమీ జరగనట్టు కొట్టుకుంటోంది.

మూత తిరగేసి చూపించాడు.
నడిమధ్య సూదిమొన పట్టేంత కన్నం,
నా మూడో పూత కింద పూడిపోయి.
ట్యాంకుకి ఊపిరి ఆడక చుక్క దించలేదన్నమాట.
"అందంగా వేశావు!" అని అరిచాడు,
వీధి అవతల కుక్క లేచింది.

చొక్కా బొత్తాం ఊడినచోట పెట్టుకున్న పిన్నీసు తీసి
గీకాను. ఆవగింజంత పసుపు రాలింది.
రెండొందల డాలర్ల సామాను గరాజులో అట్టపెట్టెలో ఉంది,
దాని సంగతి ఎవరికీ చెప్పకండి.

పన్నెండో నిమిషం.
చిక్కుడు కర్రలు వెనక్కి పోయాయి.
పదిహేను.
ఇంత దూరం వస్తుందని నేననుకోలేదు,
పదకొండు నిమిషాల తర్వాత ఏం దున్నాలో
ఆలోచించి పెట్టుకోలేదు.
నా తోట అయిపోయింది.

కంచె లేని హద్దు దాటి
డెల్బర్ట్ పెరట్లోకి పోనిచ్చాను.
అతని భార్య పోయాక అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.
నేను అడగలేదు.
అతను చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు,
వద్దనో, ఇంకొంచెం ఎడమకనో.
ఆ మోతలో నాకేమీ వినపడలేదు.