రెండో పూత

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
లారీ క్యాబిన్ల మీద నెమళ్లు వేసే చెయ్యి నాది.
తుపాకీకి రంగెయ్యమంటే
ముందు నవ్వొచ్చింది.

బాలశౌరి నవ్వలేదు.
గోనెపట్టా విప్పి బల్ల మీద దించాడు,
జొరమొచ్చిన పిల్లాణ్ణి ఆసుపత్రి మంచం మీద దించినట్టు.
ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగిస్తే
మూడు నెలలు తడిగోడకి ఆనించారట.
రైఫిల్ గొట్టం పొడుగునా తుప్పు,
ముదిరిన దోసకాయ మీద మచ్చల్లా.

వన్‌టౌన్ నుంచి అప్పటికే ఓ స్ప్రే డబ్బా తెచ్చుకున్నాడు.
నూట ఎనభై రూపాయలు. మెరుపు లేని నలుపు.
ఊపితే లోపల గోలీ టకటకలాడింది.
"ఇది కొట్టెయ్ నాగుల్ మీరా, చాలు."

చెప్పాను.
ఇది సైకిల్ మడ్‌గార్డు రంగు,
తుపాకీ నూనె తగిలితే జారిపోద్ది.
బోల్టు సందులో దళసరిగా పేరుకుంటే
లాగేటప్పుడు పట్టేస్తది.
దీనికని వేరే పూత ఉంది, సెరామిక్‌ది,
హైదరాబాదు నుంచి తెప్పించాలి.
ఇసకతో కొట్టి, ఉక్కు తెల్లగా తేలాక
ఉల్లిపొరంత పల్చగా చల్లి
పొయ్యిలో రెండు గంటలు కాల్చాలి.
ఆరు వేలు.

అతని జీతం పదకొండున్నర.
ఆరు వేలనగానే చూపు
నా వెనకున్న నెమలి మీదికి పోయింది.
తోకలో కళ్లెన్నో లెక్కపెడుతున్నాడనుకున్నాను.

"పేలిస్తే కదా వేడెక్కేది" అన్నాడు చాలాసేపటికి.
"పందొమ్మిదేళ్లుగా బ్యాంకు గుమ్మంలో నిలబడ్డా.
ఒక్క తూటా కాల్చలా.
దీనికి ఆరు వేల చొక్కా ఎందుకు?"

కాదనడానికి నా దగ్గర మాట లేదు.
డబ్బా ఊపాను. కొట్టాను.
పావుగంటలో పెళ్లికొడుకు.
గోనెపట్టా మడిచి చంకలో పెట్టుకుని
తుపాకీ మాత్రం బయటికే పట్టుకుని వెళ్లాడు,
అందరూ చూడాలని.

రోహిణి కార్తె.
బెజవాడలో నీడకి కూడా చెమట పట్టే రోజులు.
పన్నెండో నాడు మళ్లీ వచ్చాడు,
ఏం మాట్లాడకుండా అరచెయ్యి తెరిచాడు.
బొగ్గు పిసికిన చెయ్యి.

"పింఛను కోసం వచ్చిన పెద్దావిడ
మెట్టు మీద తూలింది మీరా,
పడకుండా పట్టుకున్నా.
ఆవిడ తెల్లచీర మీద నా అయిదు వేళ్లూ దిగాయి.
ఏం అనలా. కొంగు మడిచి ఆ మరక కప్పుకుంది.
అరిచినా బాగుండు."

అప్పుడు తట్టింది నాకు.
నలభై ఏళ్లు రంగులు కలిపిన బుర్రకి
ఇంత ఆలస్యంగా.
ఈ రైఫిల్ చేసే పని పేలడం కాదు,
రోజుకి ఎనిమిది గంటలు ఒక చేతిలో ఉండడం.
దీని పూతని పరీక్షించాల్సింది
నిప్పుతో కాదు, ఉప్పుతో.

నెలకి వెయ్యి చొప్పున ఆరు నెలలన్నాను.
తలూపాడు.
లైసెన్సు తనది కాబట్టి
తుపాకీ నా దగ్గర వదిలి వెళ్లకూడదు.
పగలు గ్రిల్ గేట్లు కాలే పొయ్యి,
రాత్రయితేగాని ఖాళీ అవదు.
స్టూలు వేశాను.

కర్ర విడదీసి చాప మీద పెట్టాను.
దాని మెడ దగ్గర చిన్న పల్లం,
వార్నిష్ పోయి, తేనెరంగు తేలి,
బొటనవేలు సరిగ్గా పట్టేంత.
"దీనికీ ఓ కోటు వేస్తా" అంటే
"దాని జోలికి పోకు" అన్నాడు,
గట్టిగా, ఆ రాత్రికి మొదటిసారి.

ఇనుం లోపల కాలుతోంది.
అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
జేబుల్లో పెట్టాడు. తీశాడు.
మోకాళ్ల మీద ఆన్చాడు, చంకల్లో దూర్చాడు,
మెడ రుద్దుకున్నాడు.
టీ ఇస్తే రెండు గుక్కల్లో అయిపోయింది,
మళ్లీ ఆ రెండు చేతులూ మిగిలాయి.

ఆఖరికి మూలన పడేసిన ఖాళీ స్ప్రే డబ్బా తీసుకుని
ఊపుతూ కూర్చున్నాడు.
లోపల గోలీ ఒక్కటే,
టక్, టక్,
పొయ్యి చల్లారేదాకా.