పార మీద కొండ

లోఫోటెన్ రేవు వెనక చెత్తకుప్పలో
తూరిడ్‌కి పనికిరానిది లేదు.
మూతలేని కెటిల్ మీద పొగమంచు,
విరిగిన తెడ్డు మీద
ఆ తెడ్డు ఎన్నడూ చేరని దీవి.
సొట్టని మాత్రం సరిచేయదు.
"అది లోయ. ఎవరో ముందే గీసిపెట్టారు" అంటుంది.

పిడి ఊగుతోందని ఆస్లాక్ పారేసిన పారలో
మూడు వారాలు కూర్చుని
వాళ్ళింటి వెనక కొండ గీసింది.

రాత్రి గడపలు మునిగేంత మంచు.
పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు,
చూపు బూట్ల మీద.
"నా పార..."

ఇచ్చేసింది. పిడికి మేకు కూడా కొట్టి.

కిటికీలోంచి చూస్తే
ఒక్కో విసురుకీ కాస్త నీలం రాలి
తెల్లటి గుట్ట మీద పడుతోంది.
ఆస్లాక్ ఆగాడు.
పార తిరగేసి పట్టుకున్నాడు.

బోర్లా పారలో మంచు నిలవదు, జారిపోతుంది.
అయినా అలాగే తోస్తున్నాడు.
మధ్యాహ్నానికే చీకటిపడే ఊరు,
దారి సగమైనా తెరుచుకోలేదు.