రెండు ట్యూనర్ల కార్డు

ఇచ్ఛాపురం బస్టాండు ఎదురుగా నా కొట్టు.
జీడి ఫేక్టరీ నుంచి తిన్నగా వచ్చింది కుంతలమ్మ,
వేళ్ల కొసలు నల్లగా.

మూసేసిన నెట్ సెంటర్లో చవగ్గా కొన్న కంప్యూటరట.
దాన్నే టీవీ చెయ్యాలట.

ఆకుపచ్చ కార్డు చేతిలో పెట్టాను.
ముందు వాసన చూసింది.
"ఇదేటి సేస్తాది?"
చూపిస్తుంది. లేదా దాచిపెడుతుంది.
రిమోటు ఉచితం.

"ఏడున్నరకి మా అత్త ఒరియా సూస్తాది.
నా సీరియలూ అప్పుడే.
నాను షిఫ్టులో ఉంటాను.
ఆవిడికి సూపించాల, నాకు దాసాల.
అవుతాదేటి?"

అవదు. ఒక ట్యూనరుకి ఒకసారి ఒక్క చానలే.
రెండున్నది విశాఖపట్నం నుంచి తెప్పించాలి,
ధర దీనికి రెట్టింపు పైమాటే.

కొంగుముడి విప్పి లెక్కెట్టింది.
మళ్లీ లెక్కెట్టింది.
నేను ఫేను వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఒకటున్నదే ఇచ్చీ బాబూ.
పద్నాలుగేళ్లనించి ఒక్క పొయ్యి మీద
ఆవిడ దాల్మా, నా పులుసూ ఉడకలేదేటి?
ఎవులో ఒకులు ఆగాల."

ఎవరు ఆగుతారో చెప్పలేదు.

వారంటీ కాగితం మీద
ఆమె బొటనవేలు ఆనిన చోట
నల్లటి మరక.
గీతల్లేవు.
జీడి రసం తినేసింది.