రెండుంబావు

మనకి అలారం ఎందుకు, అంటుంది డైవా.
రాత్రి రెండుంబావుకి
కుడికన్ను దానంతటదే మోగుతుంది.

ముందు ఆ రెప్ప కాస్త వాలుతుంది,
తడిసి బరువెక్కిన పరదాలా.
తర్వాత ఆ ఒక్క కన్నే ఏడుస్తుంది.
రెండోది పొడిగా, పక్కవాటా మనిషిలా
చూస్తూ ఊరుకుంటుంది.

నేను క్లాయిపెడా పోర్టులో క్రేను నడుపుతాను.
నలభై టన్నుల పెట్టెను
గుడ్డు దించినట్టు దించగలను.
ఈ నొప్పిని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో
పదకొండేళ్ళుగా తెలియలేదు.

తలనొప్పి అంటారు దీన్ని.
బ్యాంకు కాగితాలు తలనొప్పి,
పైవాటా పిల్లల పియానో తలనొప్పి,
మా అత్తగారికి నేనే పెద్ద తలనొప్పి.
వాడి వాడి అరిగిన ఆ మాటనే
దీనికీ తొడిగారు.
పొట్టి చొక్కా. ఒక్క గుండీ పట్టదు.

మైగ్రేనైతే చీకటిగదిలో పడుకుంటారట.
ఇది పడుకోనివ్వదు.
వంటింటి నుంచి తలుపుదాకా తొమ్మిది అడుగులు,
తలుపు నుంచి వంటింటికి తొమ్మిది.
నుదురు ఫ్రిజ్జుకేసి నొక్కి, తీసి, మళ్ళీ నొక్కి.
మొదటి ఏడాది వెనకనుంచి పట్టుకున్నాను.
"ముట్టుకోకు" అంది.
ఆ గొంతు తనది కాదు.
ఇప్పుడు దారిలోంచి కుర్చీలు తీసేస్తాను.
ఆ వేళప్పుడు నాకున్న పని అంతే.

పళ్ళ డాక్టరు రెండు పళ్ళు పీకాడు.
మంచి పళ్ళు. చిన్న సీసాలో వేసి ఇచ్చాడు కూడా.
ముక్కు డాక్టరు ముక్కులో వెతికాడు.
ఇంకొకాయన, ఆడవాళ్ళకి ఇది రాదమ్మా, అని
కలానికి మూత పెట్టేశాడు.
ఏడో ఏట, కౌనస్‌లో, ఒక కుర్ర డాక్టరమ్మ
అంతా విని ఒకటే అడిగింది:
"నొప్పి వచ్చినప్పుడు పడుకుంటారా, తిరుగుతారా?"
డైవా ఏడ్చింది.
ఈసారి రెండు కళ్ళతోనూ.

ఇప్పుడు మంచం పక్కన సిలిండరు.
మాస్కు, దానికో సంచి, నిమిషానికి పదిహేను లీటర్లు.
ముందుకు వంగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి
తను నేలను చూస్తుంది, నేను గడియారాన్ని.
సంచి ఉబ్బుతుంది, చప్పబడుతుంది.
పన్నెండు నిమిషాలు. ఒక్కోసారి ఇరవై.
ఒక్కోసారి అదీ చాలక తొడలో సూది.
రోజువారీ మాత్రలకి గుండె నెమ్మదిస్తుందేమోనని
తీయించే ఈసీజీ కాగితాలు దొంతర పడ్డాయి,
డైవా వాటి వెనక సరుకుల చిట్టా రాస్తుంది.
ఈ ఆరేడు వారాలూ తను బీరు ముట్టదు.
నేనూ ముట్టనని చెప్పాను.
నా కోటు వాసన చూసి కూడా ఏమీ అనదు.

అక్టోబరు చివరి ఆదివారం
దేశమంతా ముల్లును గంట వెనక్కి తిప్పుకుంది.
నొప్పికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
ఒకటింబావుకే వచ్చేసింది.
"సర్కారుకి కూడా లొంగని ఘటం" అని
మాస్కులోంచి నవ్వింది డైవా,
ఆవిరి పట్టిన నవ్వు.

పోయినవాళ్ళ దినాన
సమాధుల మీద దీపాలు పెట్టొచ్చాం.
ఇంట్లో మాత్రం కొవ్వొత్తి వెలిగించకూడదు, ఆక్సిజన్ ఉంది కదా.
వాళ్ళ నాన్న పేర ఒకటి
ఎదురింటి యద్వీగాకి ఇచ్చాం, మీ కిటికీలో పెట్టమని.
పరదా తొలగించి
చాలాసేపు అటే చూసింది.

నిన్న ఒకటింబావయింది.
రెండుంబావూ అయింది.
మంచం మీద ఇద్దరం కూర్చున్నాం,
చెప్పిన బండికి చుట్టం దిగని ఇంట్లోలా.
మూడు.
వెళ్ళిపోయిందా అని నేను అడగలేదు.
అలా అడిగిన ప్రతిసారీ తిరిగొచ్చింది.
"పడుకో, పొద్దున్నే నీకు డ్యూటీ" అంది.

లైటు తీశాక
చీకట్లో నా చెయ్యి వెతికి
తన కుడి కణత మీద పెట్టుకుంది.
గాలికి ఊగే పెట్టె కింద మనుషులున్నప్పుడు
ఎలా ఉంటానో అలా ఉన్నాను.
తెల్లారేసరికి
చెయ్యంతా తిమ్మిరి.