గుట్టు, గుట్ట

నా చేతులు రెండు భుజాల కాడ్నే ఆగిపోతయి.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన ఎముకలు.
మెడ తిప్పాలంటే మనిషినంత తిరగాలె.
అయినా బ్యాంకుల ఇరవై రెండేండ్లు
నోట్లు లెక్కవెట్టిన.
వేళ్లు మాత్రం మంచిగనే ఉన్నయి.

నల్లగొండల కొన్న ఈ రెండు గదుల ఫ్లాటుకు
పడమటి దిక్కు ఒకటే పెద్ద కిటికీ.
మార్చి దాటిందంటే మూడింటికల్లా
ఎండ అప్పులోడి లెక్క వచ్చి కూసుంటది,
లెవ్వమంటే లెవ్వది.
పరదా తాడు పైన, నా చెయ్యి కింద,
నడుమ జానెడు.
ఆ జానెడు కోసం రోజూ
పక్కింటి మోక్షిత్‌ను పిలుసుడు.
"ఆంటీ, తెరువన్నా, ముయ్యన్నా?"
వాడు నవ్వుకుంటనే అడుగుతడు.
సిగ్గు నాది.

మోటరు పరదాలు పెట్టిద్దామనుకున్న.
వాటి మీద ఒక పెత్తందారు కావాలెనట,
హబ్బు. అరచేతంత డబ్బ.
గడియారం సెంటర్ కాడి దుకాణంల
జహీరుద్దీన్ మూడు తీసి బల్ల మీద వెట్టిండు.

మొదటిది గాజుగిన్నె తీరు మెరిసేది.
మాట్లాడతది, పాట పెడతది,
కానీ నేను "ముయ్యి" అంటే
ఆ మాట సముద్రాలు దాటి ఎక్కడి కంప్యూటర్లకో పోయి
అడిగి రావాలెనట.
నా కిటికీ ముయ్యనీకి ఎవల పర్మిషన్?
నెట్టు పోయిందా, అది మూగది.

రెండోది అగ్గువ.
కానీ సొంత కంపెనీ మోటర్లను తప్ప
ఎవ్వరినీ పలకరియ్యది.
పెండ్లిల గట్లాంటోళ్లను మస్తు సూసిన.

మూడోది నల్లగ, మొద్దుగ,
అటుకు మీద మర్చిపోయిన సబ్బుపెట్టె లెక్క.
నెట్టు లేకున్నా పనిజేస్తది.
చెప్పిందంత తన కడుపులనే దాసుకుంటది.
"ఇది మాట్లాడది మేడం," అన్నడు జహీరు.
ఇంటి గుట్టు లంకకు చేటు.
గదే కట్టియ్యి, అన్న.

ఆదివారం వచ్చిండు నిచ్చెన పట్టుకోని.
ఫ్రిజ్ మీద పెడితే సిగ్నల్ అందలే,
ఇనుప బీరువా మీద పెడితే అసలే లేదు.
ఆఖరికి పప్పుడబ్బాల అరల, చింతపండు పక్కన
నీలం బుగ్గ వెలిగింది.
దాని కింద చిన్న బ్యాటరీ, కరెంటు పోతే ఆదుకోను.
మోటరు బటన్ నొక్కి పట్టుకుంటే
రెండుసార్లు ఉలిక్కిపడాలెనట,
గప్పుడు జత కుదిరినట్టు.
మూడుసార్లు తప్పింది. నాలుగోసారి ఉలిక్కిపడ్డది,
దానితోని నేను సుత.

"పైకి ఏడిదాక లెవ్వాలె మేడం?"
నిలవడి తన కండ్ల ఎత్తుకు గీత పెట్టవోయిండు.
గట్ల కాదు, అన్న.
జర సేపు ఆలోచన జేసి
వచ్చి నా కుర్చీల కూసున్నడు.
మెడ తిప్పకుంట, మనిషినంత తిరిగి,
నా లెక్కనే,
కిటికీ దిక్కు సూసిండు.
లతీఫ్ సాబ్ గుట్ట కనవడ్డది వానికి,
కింది రాయి నుంచి కొసదాక.
ఏం అనలే. అక్కడనే గీత పెట్టిండు.

కిటికీకి పేరు పెట్టుమన్నది ఫోను.
హాలు, బెడ్‌రూమ్, కిచెన్ అని తనే చూపిచ్చింది.
నేను రాసిన: గుట్ట.

ఇప్పుడు మూడింటికి గుట్ట మూస్తది,
ఆరుంబావుకు గుట్ట తెరుస్తది.
మొన్న కరెంటు పోయి, నెట్టు పోయి,
అపార్టుమెంటంత మెట్ల మీదికొచ్చి ఉడికిపోతుంటె
నా పరదా టైముకు సప్పుడు జెయ్యకుంట దిగింది.

మోక్షిత్ మాత్రం అలవాటుకు వచ్చిండు.
తలుపు కాడ నిలవడ్డడు, చేతులు ఏడ పెట్టాలెనో తెల్వక.
"పనేం లేదా ఆంటీ?"

కొంగు కింద ఫోను మీద ఏలు పెట్టిన.
పరదా సగంల ఆగింది.
ఏమైందో ఏమో, జర సూడు బిడ్డ, అన్న.
స్టూలెక్కి మోటరును రెండు తట్లు తట్టిండు.
మల్ల ఏలు పెట్టిన.
సర్రున లేసింది.
"నేనే బాగుజేసిన!" అని ఉరికిండు వాళ్లమ్మ కాడికి.

చింతపండు పక్కన నీలం బుగ్గ
ఒక్కసారి మిటుక్కుమన్నది.
దానికి తెల్సు.
అది మాట్లాడది.